సాల్టా, స్వీటా, రెండూనా?

డాలస్‌లో ఉండే మా బావ ఆ మధ్య సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక టెకీలా సీసా తీశాడు. విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్లు తలా రెండు లీటర్ల మద్యం సుంకం కట్టకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి అదేం దొంగ సరుకు కాదు. "పొద్దుగూకేవరకు నాలుగు గ్రేప్‌ఫ్రూట్లు తెప్పియ్యి బామ్మర్దీ, పలోమా కలుపుత" అన్నాడు. ఏదో పని మీద బాటసింగారం వైపు వెళ్లిన తమ్ముడికి ఫోన్ చేసి, అక్కడి పండ్ల మార్కెట్‌లో గ్రేప్‌ఫ్రూట్ దొరికితే పట్టుకు రమ్మన్నాను. సాయంత్రం వాడు రెండు కిలోల నల్లద్రాక్షతో మా ఇబ్రహీంపట్నంలో దిగాడు. "గ్రేప్ అంటే గదే గదనే" అన్నాడు. వాణ్ని తప్పుపట్టడానికి ఏముంది?

పిల్లలు ద్రాక్ష తిన్నారు, సీసా మూత తియ్యకుండానే బీరువా ఎక్కింది. మూత తియ్యని టెకీలా ఏళ్ల తరబడి చెడదు. మళ్లీ దసరాకు అక్కావాళ్లు వచ్చేదాకా అది అక్కడే ఉంది. ఈలోగా నేను చదివి తెలుసుకున్నదీ, దసరాకు కలిపి చూసి నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు పండు సంగతి. గ్రేప్‌ఫ్రూట్‌కు ద్రాక్షతో ఏ చుట్టరికమూ లేదు. కాయలు ద్రాక్షలాగా గుత్తులు గుత్తులుగా వేలాడతాయి కనుక ఆ పేరు పడిందంటారు. 1814లో జమైకా మొక్కల మీద జాన్ లూనన్ రాసిన పుస్తకంలో గ్రేప్‌ఫ్రూట్ అనే పేరు ఉంది. అంతకు ముందు, 1750లో, బార్బడోస్ ద్వీపం గురించి రాసిన గ్రిఫిత్ హ్యూస్ అనే పాదిరి అలాంటి పండునే 'నిషిద్ధ ఫలం' అన్నాడు. ఎవరూ పనిగట్టుకుని సృష్టించిన పండు కాదది. ఆసియా నుంచి ఓడల్లో కరీబియన్ దీవులకు వెళ్లిన రెండు చెట్లు అక్కడ పక్కపక్కన పెరిగి, వాటంతట అవే సంకరమై పుట్టిన బిడ్డ. తల్లి పంపరపనస, తండ్రి స్వీట్ ఆరెంజ్. మన సాత్‌గుడి బత్తాయి వృక్షశాస్త్రం లెక్కలో స్వీట్ ఆరెంజే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నల్లగొండ జిల్లా బత్తాయి పెట్టింది పేరు. పంపరపనస వానాకాలం చివర మార్కెట్లోకి వస్తుంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలివచ్చాక మా ఇబ్రహీంపట్నం వాళ్లకు పండ్ల కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయే పని కూడా తప్పింది. బిడ్డ దొరకలేదని మేం దిగులుపడ్డాం గానీ, తల్లీ తండ్రీ ఇద్దరూ మా పక్కనే ఉన్నారు. పంపరపనస రసం రెండు పాళ్లు, బత్తాయి రసం ఒక పాలు కలిపితే గ్రేప్‌ఫ్రూట్‌కు బాగా దగ్గరి రుచి వస్తుంది. ఎరుపు రంగు రాదు, అంతే. ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ టెక్సస్ వాళ్ల ముద్దుబిడ్డ, 1993లో దాన్ని తమ రాష్ట్ర ఫలంగా కూడా ప్రకటించుకున్నారు. బావకు దాని మీద అంత మమకారం ఎందుకో అప్పుడర్థమైంది.

ఇక పలోమా అంటే ఏమిటి? స్పానిష్‌లో పావురం అని అర్థం. మెక్సికోలో మామూలు జనం తాగే పానీయం. గ్లాసులో ఐసు, టెకీలా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన గ్రేప్‌ఫ్రూట్ సోడా. అక్కడ ఎక్కువగా వాడే స్క్విర్ట్ అనే సోడా 1938లో అమెరికాలోని ఆరిజోనాలో పుట్టి, 1955లో మెక్సికోలో అడుగుపెట్టింది. టెకీలా అనే ఊళ్లోనే 'లా కపీయా' అనే చిన్న బార్ నడిపిన డాన్ హవియెర్ డెల్గాడో కరోనా దీన్ని కనిపెట్టాడని చాలామంది రాస్తారు గానీ అది గట్టి ఆధారం లేని కథ. ఆయన నిజంగా కనిపెట్టింది బటాంగా అనే మరో పానీయం: టెకీలా, కోలా, నిమ్మ, ఉప్పు. నిమ్మకాయలు కోసిన పొడుగాటి కత్తితోనే గ్లాసులో తిప్పి ఇచ్చేవాడట. చెంచా వెతుక్కోని మనిషి కలిపిన పానీయమంటే నాకు వెంటనే నమ్మకం కుదిరింది.

ఎందుకంటే ఇలాంటి మనుషులు మనకు కొత్త కాదు. మా బస్టాండు దగ్గర ఎండాకాలం సోడాబండి ముందు నిలబడి చూడండి. ఆయన అడిగేది ఒకటే మాట: "సాల్టా, స్వీటా, రెండూనా?" రెండూ అంటే, గ్లాసులో చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర పాకం, సగం నిమ్మకాయ పిండి, గోలీ నొక్కి సోడా వంపుతాడు. గ్లాసు బుస్సుమని పొంగుతుంది, పొంగు దిగేలోపు మనం మూతి పెట్టేయాలి. ఆ గోలీ సీసా కూడా 1872లో ఇంగ్లాండులో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న వస్తువే. లోపలి గ్యాసు ఒత్తిడే గోలీని పైకి తోసి మూతిని బిగించి ఉంచుతుంది. పలోమా అన్నది ఈ 'రెండూ' గ్లాసే. దానికి రెండు వస్తువులు అదనం: కాస్త చేదు, కాస్త మత్తు. ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా పాళ్ల లెక్క.

ఆ పొంగు ఎందుకు వస్తుందో తెలుసుకుంటే సగం పని నేర్చుకున్నట్టే. సోడాలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడానికి ఒక గరుకు చోటు కావాలి. ఉప్పు రవ్వల అంచులు దానికి అలాంటి చోటు చూపిస్తాయి, గ్యాసంతా ఒక్కసారిగా బుడగలై లేచిపోతుంది. బండి దగ్గర నిలబడి ఒక్క గుక్కలో తాగేవాడికి అదే సరదా. ఇంట్లో అరగంట సేపు కబుర్లాడుతూ తాగే గ్లాసులో మాత్రం గ్యాసు పోతే మిగిలేది చప్పిడి రసం. అందుకే ఉప్పును ముందు నిమ్మరసంలో వేసి పూర్తిగా కరిగించాలి. కరిగిన ఉప్పు పొంగించదు. సోడా ఎప్పుడూ ఆఖరున, గ్లాసు వంచి, అంచు వెంబడి పోయాలి. గ్యాసు చల్లటి నీళ్లలోనే నిలబడుతుంది, వెచ్చబడితే పారిపోతుంది. కనుక సోడా సీసాను ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చటి సోడాలో ఐసు వేసి చల్లబరచడమంటే గ్యాసు పోగొట్టుకుని నీళ్లు చేర్చుకోవడమే.

ఉప్పు పని రుచిలో ఇంకా ముఖ్యం. పంపరపనస చేదుకు కారణం నారింజిన్ అనే పదార్థం. తొక్క కింద ఉండే తెల్లటి దూదిలోనూ, తొనల మీది పొరలోనూ అది ఎక్కువ. మా అమ్మ పంపరపనస తొనల మీద ఉప్పూకారం చల్లకుండా ఎప్పుడూ పెట్టలేదు. జామకాయకు చేసినట్టే దీనికీ చేస్తోందనుకునేవాణ్ని. ఉప్పు చేదును అణిచేసి, ఆ చేదు కింద దాగిన తీపిని పైకి తెస్తుందని బ్రెస్లిన్, బోషాంప్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో ప్రచురించారు. చేదును కొట్టడానికి చక్కెర పోసుకుంటూ పోయేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. చిటికెడు ఉప్పు చేసే పని రెండు చెంచాల చక్కెర చెయ్యలేదు.

పంపరపనస ఒలవడం ఓపిక పని, అందులో తొందర పనికిరాదు. పైభాగం టోపీలా కోసేసి, తొక్కను పైనుంచి కిందికి ఆరేడు గాట్లు పెట్టి ఊడదీయండి. తెల్లటి దూది అంగుళం మందాన ఉంటుంది, దాన్నంతా తీసేయాలి. తర్వాత ఒక్కో తొన మీది పొరను వీపు దగ్గర చీల్చి, ముత్యాల్లాంటి రసపు గింజలను గిన్నెలోకి రాల్చాలి. విత్తనాలు ఏరేయాలి. ఇప్పుడు చేత్తో పిసికి, టీ వడగట్టే జాలీలో వడగట్టండి. మిక్సీ జోలికి పోకండి. మొదటిసారి నేను పొరలతో సహా మిక్సీలో తిప్పాను. వచ్చింది రసం కాదు, వేపాకు కషాయం. విత్తనాలు నలిగితే మరీ ఘోరం. ఒక మోస్తరు పండుకు నాకు ఒక గ్లాసుకు కాస్త అటూ ఇటూగా రసం వచ్చింది. పండు చేతిలోకి తీసుకున్నప్పుడు దాని సైజుకు మించి బరువు అనిపిస్తే రసం ఉన్నట్టు. తేలిగ్గా ఉంటే లోపల గింజలు ఎండిపోయి ఉంటాయి.

బత్తాయి రసం మాత్రం ముందే తీసి పెట్టుకోవద్దు. జ్యూస్ సెంటర్ వాళ్లు "జల్ది తాగుండ్రి, చేదైతది" అనేది అబద్ధం కాదు. పండులో చేదు లేని ఒక పదార్థం, పిండిన తర్వాత రసంలోని పులుపు తగిలి కొద్దిసేపట్లో లిమోనిన్‌గా మారుతుంది. అది గట్టి చేదు. నారింజిన్ చేదు నాలుక మీద కొద్దిసేపు ఆడి పోతుంది, లిమోనిన్ గొంతులో తిష్ఠ వేస్తుంది. పలోమాకు కావలసింది మొదటి రకం.

ఇక టెకీలా. ఇది వివరించడానికి నాకు మా పక్కింటి గౌడ్ తాత సాయం కావలసి వచ్చింది. ముస్తాదు కట్టుకుని, మోకు వేసుకుని నలభై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి. కిత్తనార జాతి మొక్కల నుంచి మెక్సికో వాళ్లు కల్లు తీస్తారని చెబితే ఆయన అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు. అక్కడ మొక్క పూతకొచ్చే వేళకు నడిమి మొవ్వును కోసేసి గుంత చేస్తారు. ఆ గుంతలోకి తియ్యటి నీరు ఊరుతుంది. పొడుగాటి సొరబుర్రతో దాన్ని పీల్చి తీస్తారు. పులియకముందు అది వాళ్ల నీరా, పులిస్తే పుల్కే. తెల్లగా, చిక్కగా, మన కల్లులాగే ఒకటి రెండు రోజుల్లో పాడైపోయేది. తాత అడిగిన మొదటి ప్రశ్న: "ఒక్క చెట్టును ఎన్నేండ్లు గీస్తరు బిడ్డా?" కొన్ని నెలలే తాతా, ఆ తర్వాత మొక్క చచ్చిపోతుంది అన్నాను. "అయ్యో, మరి గదేం కల్లు" అన్నాడు. తాత నాటితే మనుమడు గీసే తాడిచెట్టుతో బతికినవాడికి అది దుబారాగానే కనిపిస్తుంది.

టెకీలా ఆ పుల్కేను కాచి తీసేది కాదు. దాని దారి వేరు. నీలి అగావే అనే రకం మొక్కను ఆరు నుంచి ఎనిమిదేళ్లు పెంచి, గుండ్రటి పారలాంటి కత్తితో ఆకులన్నీ నరికేస్తారు. మిగిలిన దుంప అనాసపండులా ఉంటుంది, దాన్నలాగే పీనా అంటారు. పదుల కిలోల బరువు. పచ్చిదుంపలో ఉన్న పిండిపదార్థం పులియదు. అందుకని గంటల తరబడి ఆవిరిలో ఉడికిస్తారు, అప్పుడది చక్కెరగా మారుతుంది. ఉడికిన పీనా రుచి కాల్చిన కందగడ్డలా, అదే చిలగడదుంపలా, ఉంటుందంటారు. పిండిన రసాన్ని పులియబెట్టి రెండుసార్లు బట్టీ పడతారు. హలిస్కో రాష్ట్రంలోనూ, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లోనూ తయారైతేనే టెకీలా అనాలి. మెక్సికో 1974లో మొదలుపెట్టిన కట్టడి ఇది. మన బంగినపల్లి మామిడికీ పోచంపల్లి ఇక్కత్‌కూ ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే అది.

అసలు విశేషం మన కంచెల్లో ఉంది. బీడు భూముల అంచున, రైలు కట్టల పక్కన, బూడిద పచ్చ రంగులో ముళ్ల కొసలతో నిలబడే రాకాసి మట్టలు చూశారు కదా, అదే కిత్తనార. పేరులోనే నార ఉంది, తాళ్లు పేనడానికి మట్టలు నానబెట్టి బాదేవారు. అది ఇక్కడి మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి కంచె మొక్కగా దక్కనంతా పాకింది. శాస్త్రీయ నామం అగావే అమెరికానా. మెక్సికోలో పుల్కే తీసే రకాల్లో అదీ ఒకటి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసి తిరిగొచ్చిన డెస్మండ్ నాజరెత్ అనే ఆయన ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకుందామంటే ఇక్కడ సరైన టెకీలా దొరకక, దక్కన్‌లో ఈ మొక్కలను చూసిన జ్ఞాపకం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. మెక్సికో భూముల తీరుకూ మన పీఠభూమికీ పోలిక ఉందని గ్రహించి, చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి, 2011లో డెస్మండ్‌జీ పేరుతో అగావే మద్యాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. టెకీలా అనే పేరు వాడుకోవడానికి వీల్లేదు కనుక సీసా మీద అగావే అనే ఉంటుంది. రాయలసీమ ఎండలో ఎదిగిన కిత్తనార సీసాకెక్కిందని గౌడ్ తాతకు చెబితే, నమ్మలేదు. "మేకలు గూడ ముట్టవు గదా దాన్ని" అన్నాడు.

ఇది చదివి ఎవరూ గొడ్డలి పట్టుకుని కంచె దగ్గరికి పోవద్దు. పచ్చి కిత్తనార రసం ఒంటికి తగిలితే దద్దుర్లు లేచి మంట పుడుతుంది. పైగా ఇంట్లో బట్టీ పెట్టడం నేరం, చేతకాకుండా కాచిన సరుకు ప్రాణాలు తీస్తుంది. గుడుంబా చేసిన చెరుపు తెలంగాణ పల్లెలకు వేరే చెప్పాలా? ఇంట్లో చెయ్యదగ్గది కలపడం వరకే.

సీసా కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే మాట: నూరు శాతం అగావే అని ఉందా లేదా. అది లేకపోతే చక్కెరల్లో 51 శాతం అగావేది ఉంటే చాలు, మిగతాది వేరే చక్కెర కావచ్చు. మర్నాడు తలనొప్పికి ఆ రెండోరకాన్నే అందరూ తిడతారు గానీ, నిజానికి తాగిన మోతాదుదే పెద్ద పాపం. పలోమాకు తెల్లటిది, అంటే బ్లాంకో, సరిపోతుంది. పీపాల్లో రెండు నెలల నుంచి ఏడాదిలోపు ఉంచిన రెపొసాదో, ఏడాది దాటిన అన్యేహో ఖరీదైనవి. వాటి పీపా వాసన పులుపులో మునిగిపోతుంది, డబ్బు దండగ. బంగారు రంగు చూసి మోసపోవద్దు, అది రంగు కలిపినదీ కావచ్చు.

ఇప్పుడు కలుపుదాం. ఒక్క గ్లాసుకు లెక్క: టెకీలా 45 మిల్లీలీటర్లు, పంపరపనస రసం 40, బత్తాయి రసం 20, నిమ్మరసం 10, చక్కెర పాకం 10, సోడా 90. పాకమంటే లడ్డూ పాకం కాదు, సమానంగా చక్కెరా వేడినీళ్లూ కలిపి చల్లార్చినది. చక్కెర నేరుగా వేస్తే చల్లటి రసంలో కరగక అడుగున కూర్చుంటుంది. పొడుగు గ్లాసులో ముందు నిమ్మరసం, రెండు వేళ్ల మధ్య పట్టినంత ఉప్పు. కరిగేదాకా తిప్పండి. తర్వాత పాకం, రసాలు, టెకీలా. మళ్లీ తిప్పండి. ఐసు గ్లాసు నిండా వెయ్యండి. భయపడి రెండు ముక్కలు వేస్తే అవి త్వరగా కరిగి నీళ్లవుతాయి, నిండా వేస్తే ఒకదాన్నొకటి చల్లగా ఉంచుకుని మెల్లగా కరుగుతాయి. ఆఖరున సోడా. అడుగునుంచి ఒక్కసారి పైకెత్తినట్టు తిప్పి వదిలేయండి. ఎక్కువ గిలక్కొడితే గ్యాసు పోతుంది.

రుచి చూసి సరిదిద్దుకోవడమే అసలు పనితనం. పండుకూ పండుకూ తేడా ఉంటుంది. నోరు మూసుకుపోయేంత పుల్లగా ఉంటే పాకం అరచెంచా. తీపి మొఖం మొత్తితే నిమ్మ నాలుగు చుక్కలు. అన్నీ ఉన్నా ఏదో లోటు అనిపిస్తే తొంభైపాళ్లు అది ఉప్పే. గ్లాసు అంచుకు ఉప్పు అద్దడం ఫొటోలకు బాగుంటుంది. చేసేట్టయితే దొడ్డుప్పు దంచి, కాస్త కారప్పొడి కలిపి, సగం అంచుకే అద్దండి. ఉప్పు వద్దనుకున్న గుక్కకు రెండో వైపు ఉంటుంది. బావకు సగం అంచు నచ్చలేదు, మొత్తం అద్దుకున్నాడు, నాలుగో గుక్కకు తుడిచేసుకున్నాడు.

కొలతపాత్ర లేదని అంచనాగా పోయకండి. దసరా నాడు బావ చేతివాటం చూద్దామని ఖాళీ స్టీలు గ్లాసులో నీళ్లు పోయించాను. "ఒక పెగ్గు, అంతే" అంటూ వంపాడు. దగ్గుమందు సీసాతో వచ్చిన గీతల మూతతో కొలిస్తే 85 మిల్లీలీటర్లు తేలింది. లోపల కనపడని స్టీలు గ్లాసు అందరినీ అలాగే బోల్తా కొట్టిస్తుంది. ఆ దగ్గుమందు మూతే మీకు కొలతపాత్ర.

లెక్క ఎందుకంటే, టెకీలాలో నూటికి 40 పాళ్లు ఆల్కహాల్ అనుకుంటే 45 మిల్లీలీటర్లలో ఉన్నది 18 మిల్లీలీటర్లు. ఐసు కరిగిన నీళ్లతో కలిపి గ్లాసులో పావులీటరు ఉంటుంది కనుక చిక్కదనం సుమారు ఏడు శాతం. అంటే స్ట్రాంగ్ బీరు వరస. ఇలాంటివి మూడు గ్లాసులు తాగితే ఎనిమిది శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసా ఒకటి పూర్తి చేసినట్టు. బావ పోసే పెగ్గుతో అయితే మూడు గ్లాసులకే దాదాపు రెండు సీసాలు. పులుపూ ఉప్పూ చల్లదనమూ కలిసి మద్యం ఘాటును పూర్తిగా కప్పేస్తాయి, మజ్జిగ తాగినట్టు తాగేస్తాం. మద్యంలో సురక్షిత మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. అది తెలిసీ తాగేవాడు కనీసం ఎంత తాగుతున్నాడో తెలిసి తాగాలి.

గ్రేప్‌ఫ్రూట్‌కున్న ఈ కప్పేసే గుణమే వైద్యంలో ఒక పెద్ద సంగతిని బయటపెట్టింది. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడి బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మద్యంతో కలిస్తే ఏమవుతుందో పరీక్షించింది. పాల్గొన్నవాళ్లకు ఏ గ్లాసులో మద్యం ఉందో తెలియకూడదు. వాసన కప్పేయడానికి రెండు గ్లాసుల్లోనూ గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. తీరా చూస్తే మద్యం ఉన్నా లేకున్నా అందరి రక్తంలోనూ మందు ఉండవలసిన దానికన్నా ఎన్నోరెట్లు ఉంది. మొదట కొలతల్లో పొరపాటనుకున్నారు. బెయిలీ తానే మందు వేసుకుని, రసం తాగి చూసుకున్నాడు. దోషి రసమే. 1989లో తొలిసారి ప్రచురించారు, 1991లో లాన్సెట్ పత్రికలో మళ్లీ రుజువు చేశారు.

జరిగేది ఇది. మనం మింగే చాలా మందుల్లో కొంత భాగాన్ని పేగు గోడలోని ఒక ఎంజైమ్ అక్కడే విరిచేస్తుంది, టోల్‌గేటులో వసూలు చేసినట్టు. డాక్టరు రాసే మోతాదు ఆ వసూలు పోను మిగిలేది చూసుకుని రాసిందే. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్లు ఆ ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తాయి. గేటు ఎత్తేస్తే బండ్లన్నీ ఒక్కసారే ఊళ్లోకి వచ్చినట్టు మందంతా రక్తంలోకి వచ్చేస్తుంది. పేగు మళ్లీ కొత్త ఎంజైమ్ తయారు చేసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకని పొద్దున మాత్ర, రాత్రి రసం అని ఎడం పెడితే సరిపోదు. తల్లి కనుక పంపరపనసలోనూ ఈ పదార్థాలు ఉన్నాయి. బత్తాయితో ఈ గొడవ లేదు. కొలెస్ట్రాల్‌కు వాడే సింవాస్టాటిన్, కొంత మేరకు అటార్వాస్టాటిన్, బీపీకి వాడే నిఫెడిపిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఈ జాబితాలో ఉన్నాయి. రోజూ ఏ మాత్ర వేసుకునేవాళ్లయినా పంపరపనస గ్లాసుల కొద్దీ తాగేముందు డాక్టర్ని అడగాలి. మద్యం సంగతి విడిగా అడగాలి.

ఈ మాట చెప్పగానే బావ లేచి వెళ్లి తన మాత్రల డబ్బా తెచ్చుకుని పేర్లు చదివాడు. రోసువాస్టాటిన్. దానికి ఈ బెడద పెద్దగా లేదు. ఆయన మొహంలో వెలుగు చూడాలి.

రెండు గ్లాసులయ్యాక ఎల్బీనగర్‌లో స్నేహితుణ్ని చూసొస్తానని కారు తాళాలు అడిగాడు. సాగర్ రోడ్డు మీద ఏ మలుపులో పోలీసులు గొట్టం పట్టుకుని నిలబడతారో వాళ్లకే తెలియదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు. మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తాళాలు అక్క కొంగున ముడేసుకుంది. స్నేహితుణ్నే ఇక్కడికి రమ్మని ఫోన్ చేశాడు బావ.

అమ్మ అప్పటిదాకా వంటింటి గడపలో కూర్చుని ఉప్పూకారం చల్లిన పంపరపనస తొన చేతిలో పట్టుకుని మా మాటలు వింటోంది. ఆమెది అటార్వాస్టాటిన్. తొన పళ్లెంలో పెట్టేసింది. ఆమెకోసం బత్తాయి రెండు పిండి, నిమ్మచెక్క పిండి, సోడా సీసా తీసుకుని అడిగాను.

"సాల్టా, స్వీటా, రెండూనా?"

"బీపీ గోలీ గూడ ఏసుకుంటున్న గద బిడ్డా, ఉప్పెందుకు. స్వీటే పొయ్యి."